పాలో ఆల్టో హైస్కూలు: ఓ సర్కారు బడి వింతలు, విశేషాలు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసే వెళ్లే లోకల్ రైలు దారిలో పాలో ఆల్టో అనే శివారు ఊరుంది. ఆ ఊళ్లో ఒకవైపు రైలు పట్టాలు, మరోవైపు ఎల్ కమినో రియల్ రోడ్డు, రోడ్డు దాటితే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. ఈ మధ్యలో ఉన్నదే పాలో ఆల్టో హైస్కూలు. ఊళ్లో అందరూ ముద్దుగా ‘పాలీ’ అంటారు. ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు. ఆ ఊళ్లో కాపురముంటే చాలు, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు ఉచితంగా చదువుకోవచ్చు. ఇప్పుడక్కడ దాదాపు రెండు వేల మంది ఉన్నారు.

ప్రపంచం మెచ్చిన గాయని, దేశమంతటినీ ఉర్రూతలూగించిన బాస్కెట్‌బాల్ ఆటగాడు, ఇంటర్నెట్ కంపెనీల తలరాత మార్చిన చట్టం రాసిన సెనేటర్, యాభై రెండేళ్ల తర్వాత బయటపడిన ఓ అరుదైన సంగీత రికార్డు... ఇవన్నీ ఈ ఒక్క బడి చరిత్రలోవే. వీటిని వరసగా పేర్చి చూస్తే ఓ సంగతి స్పష్టంగా కనబడుతుంది. ఈ బడి పేరు నిలిచిన సందర్భాల్లో చాలావాటి వెనక పిల్లలు సొంతంగా తీసుకున్న నిర్ణయమో, పెద్దలు నమ్మి వాళ్ల చేతికి వదిలేసిన పనో ఉంది. అందుకే ఈ విశేషాలు మన దగ్గర బడి నడిపేవాళ్లూ, పిల్లల్ని బడికి పంపేవాళ్లూ తెలుసుకోవలసినవి.

వందేళ్లు దాటిన గోపురం

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1891లో తలుపులు తెరిచింది. 1894లో పాలో ఆల్టో పట్టణంగా ఏర్పడింది. ఆ దశాబ్దంలోనే హైస్కూలూ పుట్టింది. ఇప్పుడున్న ప్రాంగణానికి మాత్రం 1918లో మారింది. అప్పుడు కట్టిన గోపురం భవనం, దాని పక్కనున్న హేమార్కెట్ నాటకశాల నేటికీ వాడుకలో ఉన్నాయి. కమాను వసారాలు, ఎర్ర పెంకుల కప్పు, తెల్లటి గోడలు. కాలిఫోర్నియాను ఒకప్పుడు ఏలిన స్పెయిన్ దేశపు పద్ధతిలో కట్టిన కట్టడమది. చుట్టూ కొత్త భవనాలెన్ని లేచినా పాతదాన్ని కూల్చకుండా కాపాడుకున్నారు. బడి రంగులు ఆకుపచ్చ, తెలుపు. ఆటల జట్ల పేరు వైకింగ్స్.

కుర్చీలోంచి లేవని అమ్మాయి

1958. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదానిమీద ఒకటి అణుబాంబు వేస్తాయేమోనని లోకం వణుకుతున్న కాలం. బాంబు పడితే ఏం చెయ్యాలో నేర్పడానికి బళ్లలో కసరత్తులు జరిగేవి. పాలీలో ఓ రోజు గంట మోగగానే పిల్లలంతా లేచి ఇళ్లకు బయల్దేరాలి. జోన్ బయెజ్ అనే పదిహేడేళ్ల అమ్మాయి మాత్రం కదల్లేదు.

ఆమె తండ్రి ఆల్బర్ట్ బయెజ్ భౌతికశాస్త్రవేత్త. ఎక్స్‌రే సూక్ష్మదర్శిని తయారీలో పాలుపంచుకున్నవాడు. ఆయన పుస్తకాలు తిరగేసి ఆ పిల్ల లెక్క వేసుకుంది. మాస్కోలో బయల్దేరిన క్షిపణి పాలో ఆల్టో చేరే లోపల పిల్లలు ఇల్లు చేరలేరు. అలాంటప్పుడు ఈ కసరత్తు ఉత్త బూటకమేనని తేల్చుకుంది. పారిపోతే బతికిపోతామన్న భ్రమ పిల్లల్లో పెంచడం తప్పని చెప్పి కూర్చున్నచోటే కూర్చుంది. స్థానిక పత్రిక ఆమె ఫొటో వేసింది. ఊళ్లోకి కమ్యూనిస్టులు చొరబడ్డారంటూ సంపాదకుడికి ఉత్తరాలు వచ్చాయి.

ఆ మొండితనానికి పునాది మన గాంధీజీ. ఇరా శాండ్‌పెర్ల్ అనే గాంధేయవాది పాలో ఆల్టోలో, యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ క్వేకర్ల సమావేశాల్లో పిల్లలకు సత్యాగ్రహం గురించి చెప్పేవాడు. జోన్ ఆయన శిష్యురాలు. 1956లోనే ఆమె మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం కూడా విన్నది. గాయనిగా లోకానికి తెలిశాక, 1963లో వాషింగ్టన్‌కు లక్షల మంది నడిచి వచ్చిన పౌరహక్కుల సభలో పాడింది. 1965లో అదే శాండ్‌పెర్ల్‌తో కలిసి అహింసను అధ్యయనం చేసే సంస్థను స్థాపించింది. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో పాడింది. ఇంతటి ప్రయాణంలో ఆమె తొలి సత్యాగ్రహ వేదిక ఓ సర్కారు బడిలోని తరగతి గది.

రెండు డాలర్ల టికెట్టు, యాభై రెండేళ్ల నిరీక్షణ

ఈ బడి విశేషాలన్నింటిలో నాకు అన్నిటికంటే ప్రియమైనది ఇదే.

1968లో డానీ షెర్ పాలీ విద్యార్థి. వయసు పదహారు. జాజ్ సంగీతమంటే ప్రాణం. అప్పటికే ఒకరిద్దరు పేరున్న సంగీతకారుల్ని బడికి రప్పించి కచేరీలు చేయించాడు. ఈసారి ఏకంగా థెలోనియస్ మంక్‌ని పిలవాలనుకున్నాడు. మంక్ అంటే జాజ్ పియానోలో ఇరవయ్యో శతాబ్దపు మహామహుల్లో ఒకరు. ఆయన అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఓ క్లబ్బులో వాయిస్తున్నాడు. డానీ ఆయన మేనేజరుకు ఫోను చేసి అక్టోబరు 27, ఆదివారం మధ్యాహ్నానికి కుదుర్చుకున్నాడు. టికెట్టు రెండు డాలర్లు. మిగిలిన సొమ్ము బడిలోని అంతర్జాతీయ సంఘానికి, కెన్యా, పెరూ దేశాల్లో బడులు కట్టడానికి.

టికెట్లు అమ్ముడుపోలేదు. అప్పుడు డానీ పోస్టర్లు పట్టుకుని హైవేకి అవతలున్న ఈస్ట్ పాలో ఆల్టోకి వెళ్లాడు. అది నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే పేద ఊరు. ఆ ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. దేశం అట్టుడుకుతోంది. ఈస్ట్ పాలో ఆల్టో పేరును నైరోబీగా మార్చాలని ఉద్యమం నడుస్తోంది. తెల్లకుర్రాడు ఒంటరిగా అటు వెళ్లడం మంచిది కాదని పోలీసులు హెచ్చరించినా డానీ ఆగలేదు. నైరోబీ నినాదాల పక్కనే తన పోస్టర్లు అంటించాడు. అక్కడివాళ్లు ఓ పట్టాన నమ్మలేదు. మంక్ అంతటివాడు ఆ తెల్లవాళ్ల బడికి వస్తాడా? వస్తే చూసి అప్పుడు టికెట్టు కొంటామన్నారు.

కచేరీ దగ్గరపడ్డాక డానీ క్లబ్బుకి ఫోను చేసి మంక్‌తోనే మాట్లాడాడు. ఆ సంగతే తనకు తెలియదన్నాడాయన. డానీ కంగారుపడలేదు. కారు నడపగల తన అన్నను పంపి వాద్యగాళ్లందరినీ తీసుకొస్తానని ఒప్పించాడు. ఆ ఆదివారం చినుకులు పడుతున్నాయి. బడి ముందు పార్కింగు స్థలంలో ఈస్ట్ పాలో ఆల్టో జనం నిలబడి చూస్తున్నారు. బండి ఆగింది, మంక్ దిగాడు. అంతే, టికెట్ల కోసం ఎగబడ్డారు. ఒకరితో ఒకరు మాటల్లేని రెండు ఊళ్ల జనం ఆ మధ్యాహ్నం ఒకే హాల్లో పక్కపక్కన కూర్చున్నారు.

మంక్‌తో పాటు శాక్సఫోన్ మీద చార్లీ రౌజ్, బేస్ మీద ల్యారీ గేల్స్, డ్రమ్స్ మీద బెన్ రైలీ వాయించారు. ఇక్కడ ఇంకో పాత్ర ఉంది. బడి ఊడ్చి శుభ్రం చేసే ఉద్యోగి ఒకాయన డానీ దగ్గరికొచ్చి, కచేరీ రికార్డు చేసుకోనిస్తే పియానోకి శ్రుతి సరిచేసి పెడతానన్నాడు. డానీ సరేనన్నాడు. ఆ టేపు డానీ ఇంట్లో దశాబ్దాలపాటు పడి ఉంది. చివరికి 2020 సెప్టెంబరులో ఇంపల్స్ సంస్థ ‘పాలో ఆల్టో’ పేరుతో దాన్ని ఆల్బమ్‌గా విడుదల చేసింది. మొత్తం 47 నిమిషాలు. మంక్ 1982లోనే కన్నుమూశాడు. ఆయన పోయిన 38 ఏళ్లకు, వాయించిన 52 ఏళ్లకు ఈ సంగీతం లోకం చెవిన పడింది.

శ్రుతి చేసిన ఆ ఉద్యోగి పేరు రికార్డుల చరిత్రకెక్కలేదు. ఆయన చెవి, చేతి పనితనం మాత్రం ప్రతి స్వరంలో వినబడతాయి. డానీ షెర్ తర్వాత ప్రఖ్యాత కచేరీ నిర్వాహకుడు బిల్ గ్రాహమ్ సంస్థలో చేరాడు. సిలికాన్ వ్యాలీలోని షోర్‌లైన్ యాంఫీథియేటర్ నిర్మాణం వెనక ఉన్నది ఆయనే.

రాక్ సంగీతానికి ఓ పుట్టిల్లు

1965లో పాలో ఆల్టో ప్రాంతంలో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం రాక్ సంగీత చరిత్రలో దిగ్గజం. దాని డ్రమ్మరు బిల్ క్రాయిట్జ్‌మన్ పాలీలో చదివాడు. అదే బృందంలో ‘పిగ్‌పెన్’గా పేరుపడ్డ రాన్ మెకెర్నన్ కూడా పాలీ విద్యార్థే, కాకపోతే చదువు పూర్తికాకుండానే బడి నుంచి పంపించేశారు. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందంతో అరవైల తరాన్ని ఊపేసిన గాయని గ్రేస్ స్లిక్ పాలీలో కొంతకాలం చదివి, ఊళ్లోని ఓ ప్రైవేటు బడికి మారింది. జోన్ బయెజ్‌ని కలుపుకుంటే, అమెరికా అరవైల సంగీతంలో ఇన్ని గొంతులకూ వాద్యాలకూ ఒకే సర్కారు బడితో ముడి ఉండటం అరుదైన సంగతి.

32 గెలుపులు, ఒక్క ఓటమి

తైవాన్ నుంచి వలస వచ్చిన ఇంజనీరు దంపతుల కొడుకు జెరెమీ లిన్. 2005–06లో పాలీ బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్. ఆ ఏడాది జట్టు 32 ఆటలు గెలిచి ఒక్కటే ఓడింది. రాష్ట్ర ఫైనల్లో ఎదురుపడింది దక్షిణ కాలిఫోర్నియాకు చెందిన మేటర్ డేయ్ బడి. దేశవ్యాప్తంగా పేరున్న జట్టు, ఆటగాళ్లు నిలువెత్తు మనుషులు. పాలీ పిల్లలు 51–47 తేడాతో గెలిచి డివిజన్ 2 రాష్ట్ర కప్పు ఇంటికి తెచ్చారు.

అంత చేసినా పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఒక్కటీ లిన్‌కు క్రీడా ఉపకార వేతనం ఇస్తామనలేదు. రోడ్డు అవతలి స్టాన్‌ఫర్డ్ సైతం ఇవ్వలేదు. ఆటకు ఉపకార వేతనాలే ఇవ్వని హార్వర్డ్‌కు వెళ్లి అర్థశాస్త్రం చదివాడు. 2010లో వృత్తి క్రీడాకారుల ఎంపికలోనూ ఎవరూ పిలవలేదు. 2011 డిసెంబరులో రెండు జట్లు వరసగా వదిలించుకున్నాయి. న్యూయార్క్ నిక్స్‌లో చివరి వరుస బెంచీ మీద చోటు దొరికితే, అన్న ఇంట్లో సోఫా మీద పడుకుంటూ ఆటకు వెళ్లేవాడు. 2012 ఫిబ్రవరి 4న అవకాశం వచ్చింది. ఆ రాత్రి 25 పాయింట్లు కొట్టాడు. వారం తిరక్కుండానే లాస్ ఏంజిలెస్ లేకర్స్ మీద 38. న్యూయార్క్ వీధుల్లో ‘లిన్‌సానిటీ’, అంటే లిన్ పిచ్చి, అనే మాట పుట్టింది. 2019లో టొరంటో రాప్టర్స్ జట్టు సభ్యుడిగా ఎన్‌బీఏ కప్పు అందుకుని, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా అమెరికన్‌గా నిలిచాడు.

పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల నిపుణులకు ఆనని ఆటగాడు పాలీ బాస్కెట్‌బాల్ శిక్షకుడికి మాత్రం ముందే ఆనాడు. జట్టు పగ్గాలు అతని చేతికిచ్చాడు.

ఒకే డిసెంబరు, రెండు రాష్ట్ర కప్పులు

2010 డిసెంబరు పాలీ క్రీడాచరిత్రలో బంగారు నెల. మొదట అమ్మాయిల వాలీబాల్ జట్టు డివిజన్ 1 రాష్ట్ర కప్పు గెలిచింది. తర్వాత అబ్బాయిల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట జట్టు, కరోనా నగరంలోని సెంటెనియల్ బడిని 15–13తో ఓడించి మరో రాష్ట్ర కప్పు తెచ్చింది. ఆ ఏడు ఫుట్‌బాల్ జట్టు ఆడిన 14 ఆటల్లోనూ గెలుపే. అమ్మాయిలు మరుసటి ఏడాది, 2011లో, మళ్లీ గెలిచి కప్పును నిలబెట్టుకున్నారు.

ఆ ఫుట్‌బాల్ జట్టులో దవాంటే ఆడమ్స్ ఉన్నాడు. ఈస్ట్ పాలో ఆల్టోలో పెరిగిన పిల్లాడు. తర్వాత గ్రీన్‌బే ప్యాకర్స్‌కు, 2022లో లాస్ వేగస్ రైడర్స్‌కు ఆడి, 2020, 2021, 2022 మూడేళ్లూ వరసగా దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్ల తొలి జాబితాలో నిలిచాడు. అతని కంటే ఏడాది ముందు బడి దాటిన జోక్ పీడర్సన్ పాలీలో ఫుట్‌బాలూ బేస్‌బాలూ రెండూ ఆడేవాడు. అతని పేరిట ఉన్న విశేషం ఇంకా వింతైనది. 2020లో లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్‌తో, 2021లో అట్లాంటా బ్రేవ్స్‌తో, వరసగా రెండేళ్లు రెండు వేర్వేరు జట్లతో బేస్‌బాల్ ప్రపంచ సిరీస్ గెలిచాడు.

పిల్లల చేతిలో పత్రికలు

పాలీకి దేశమంతటా పేరు తెచ్చింది ఆటలకంటే ఎక్కువగా పత్రికలే. ఎస్తర్ వోజిస్కీ అనే టీచరు 1984లో ఇక్కడ పత్రికారచన తరగతి చేపట్టింది. అప్పుడు పిల్లలు దాదాపు ఇరవై మంది. ఆమె రిటైరయ్యేనాటికి ఆ విభాగంలో పిల్లలు ఆరు వందలకు చేరారు. ఓ సర్కారు హైస్కూల్లో ఇంత పెద్ద పత్రికా విభాగం అమెరికాలోనే అరుదు. వార్తాపత్రిక ‘క్యాంపనైల్’, వార్తల మ్యాగజైన్ ‘వెర్డే’, ఆటల పత్రిక ‘వైకింగ్’, ఇంటర్నెట్‌లో ‘పాలీ వాయిస్’, టీవీ వార్తలకు ‘ఇన్‌ఫోకస్’. 2014లో వీటన్నిటి కోసం ప్రత్యేకంగా ఓ మీడియా భవనమే కట్టారు.

ఇది ఎలా సాధ్యమైందో ఎస్తర్ తన పుస్తకంలో రాసింది. 1987లో రాష్ట్ర ప్రభుత్వ నిధులతో తరగతికి యాపిల్ కంప్యూటర్లు వచ్చాయి. వాటిని ఎలా ఆన్ చెయ్యాలో కూడా ఆమెకు తెలియదు. ఆ మాట పిల్లలకే చెప్పి, మీరే నేర్పండని అడిగింది. పిల్లలు విరగబడి నేర్చుకున్నారు, ఆమెకూ నేర్పారు. అప్పటి నుంచి ఆమె పద్ధతి అదే అయింది. ఏ వార్త వెయ్యాలో పిల్లలే నిర్ణయిస్తారు. వ్యాసం పిల్లలే దిద్దుతారు. పేజీలు కూర్చేదీ, ఊళ్లో దుకాణాలు తిరిగి ప్రకటనలు తెచ్చి ముద్రణ ఖర్చు రాబట్టేదీ వాళ్లే. టీచరు పక్కన ఉంటుంది, అడిగితే చెబుతుంది.

చట్టమూ వాళ్లకు అండగా ఉంది. 1988లో అమెరికా సుప్రీంకోర్టు, బడి పత్రికలో వచ్చే రాతల్ని ప్రిన్సిపాల్ ఆపవచ్చని హేజల్‌వుడ్ కేసులో తీర్పిచ్చింది. కాలిఫోర్నియాలో మాత్రం 1977 నుంచే విద్యార్థి పత్రికలకు రాష్ట్ర చట్టం రక్షణ ఉంది. అసభ్యమో, పరువునష్టమో, హింసను రెచ్చగొట్టేదో అయితే తప్ప రాసింది ఆపడానికి వీల్లేదు. ఆ స్వేచ్ఛను పాలీ పిల్లలు బాధ్యతగా వాడుకున్నారు. 2013లో వెర్డే పత్రిక తమ తోటి అమ్మాయిలపై జరిగే లైంగిక హింస గురించీ, బాధితురాలినే తప్పుపట్టే తోటివాళ్ల తీరు గురించీ ధైర్యంగా ముఖచిత్ర కథనం వేసింది. దేశంలోని పెద్ద పత్రికలు దాని గురించి రాశాయి.

ఈ తరగతి నుంచి వచ్చినవాళ్లలో నటుడు, రచయిత జేమ్స్ ఫ్రాంకో ఉన్నాడు. అతని తొలి కథల పుస్తకం పేరు ‘పాలో ఆల్టో’. స్టీవ్ జాబ్స్ కూతురు లీసా బ్రెన్నన్ జాబ్స్ ఉంది. 2018లో ఆమె రాసిన ఆత్మకథ ఎన్నో దేశాల్లో పాఠకుల్ని కదిలించింది. ఇక ఎస్తర్ సొంత కూతుళ్లలో సుసాన్ యూట్యూబ్‌ను నడిపింది, యాన్ జన్యు పరీక్షల సంస్థ పెట్టింది. 1998లో గూగుల్ మొదటి ఆఫీసు సుసాన్ ఇంటి గ్యారేజీయే.

పక్క బడిలో ఐదు రోజుల పాఠం

అదే ఊళ్లో, అదే విద్యా జిల్లాలో కబర్లీ అని మరో హైస్కూలు ఉండేది. 1956లో మొదలై 1979లో మూతపడింది. పాలీ కథకు పూర్తిగా ఎదురు కథ అక్కడ జరిగింది.

1967 ఏప్రిల్‌లో రాన్ జోన్స్ అనే చరిత్ర టీచరు నాజీ జర్మనీ పాఠం చెబుతున్నాడు. అంత ఘోరం జరుగుతుంటే మామూలు జనం ఎలా ఊరుకున్నారని ఓ పిల్లాడు అడిగాడు. మాటలతో జవాబివ్వలేక జోన్స్ ఓ ప్రయోగం మొదలుపెట్టాడు. నిటారుగా కూర్చోవాలి. లేచి నిలబడి, మూడు ముక్కల్లో జవాబివ్వాలి. ఓ సెల్యూటు, ఓ నినాదం, సభ్యత్వ కార్డులు. దాని పేరు ‘థర్డ్ వేవ్’. ముప్ఫై మందితో మొదలైన గుంపు కొద్దిరోజుల్లో రెండు వందలకు చేరింది. చెప్పకుండానే పిల్లలు ఒకరిమీద ఒకరు ఫిర్యాదులు చేసుకోవడం మొదలుపెట్టారు. భయపడ్డ జోన్స్ ఐదో రోజున అందర్నీ పిలిచి, మన జాతీయ నాయకుడు టీవీలో కనబడతాడని చెప్పి ఖాళీ తెర చూపించాడు. తర్వాత నాజీల చిత్రాలు చూపి, వాళ్లు ఎలా తయారయ్యారో మీరూ అలాగే తయారయ్యారని చెప్పాడు.

ఈ ఉదంతం మీద అమెరికాలో టీవీ చిత్రం, 2008లో జర్మనీలో సినిమా వచ్చాయి. ఒకే ఊళ్లో, పదేళ్ల లోపు, ఒక పిల్ల అర్థంలేని ఆజ్ఞ వినకుండా కూర్చుండిపోయింది. రెండు వందల మంది అర్థంలేని ఆజ్ఞలకు లేచి నిలబడ్డారు. బడి దేనికి తర్ఫీదు ఇస్తే పిల్లలు అదే అవుతారనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఊరినే కదిలించిన పుస్తక నివేదిక

పాలీకి పిల్లల్ని పంపే మాధ్యమిక పాఠశాలల్లో ఒకటి డేవిడ్ స్టార్ జోర్డన్ పేరిట ఉండేది. ఆయన స్టాన్‌ఫర్డ్ తొలి అధ్యక్షుడు. 2015లో అక్కడి ఏడో తరగతి పిల్లాడు తన బడి పేరిటి పెద్దమనిషి గురించి పుస్తక నివేదిక రాయబోయి, ఆయన జాతుల్లో గొప్పా తక్కువా ఉన్నాయని, ‘తక్కువ’వాళ్లు పిల్లల్ని కనకూడదని వాదించినవాడని కనుక్కున్నాడు. ఆ నివేదిక నుంచి సంతకాల సేకరణ, దాన్నుంచి కమిటీలు, బహిరంగ చర్చలు నడిచాయి. 2018లో బడి పేరు మారింది. ఇప్పుడది సిలికాన్ వ్యాలీలో తొలితరం నల్లజాతి సాంకేతిక నిపుణుల్లో ఒకరైన ఫ్రాంక్ గ్రీన్ పేరిట నడుస్తోంది. అదే వాదన చేసిన లూయిస్ టెర్మన్ పేరిటి బడికీ పేరు మార్చి, ఎలెన్ ఫ్లెచర్ పేరు పెట్టారు. హిట్లర్ జర్మనీ నుంచి చిన్నతనంలో తప్పించుకుని వచ్చిన ఆమె, ఊరి కౌన్సిల్ సభ్యురాలిగా సైకిళ్ల కోసం ప్రత్యేక రోడ్డు సాధించింది.

కొన్ని చిన్న విశేషాలు

* 1967లో పాలీ బాస్కెట్‌బాల్ ఆటగాడిగా బడి దాటిన రాన్ వైడెన్ ఒరెగన్ నుంచి సెనేటర్ అయ్యాడు. 1996లో పూర్తిగా పోస్టు ద్వారా ఓట్లు వేసిన ఎన్నికలో గెలిచిన తొలి సెనేటర్ ఆయనే. జనం పెట్టే రాతలకు వెబ్‌సైట్లు బాధ్యులు కావని చెప్పే 230వ సెక్షన్‌ను రాసిన ఇద్దరిలో ఆయన ఒకరు. ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటివి నిలబడ్డది ఆ చట్టం మీదే.

* 1982లో పాలీ దాటిన జిమ్ హార్బా 2007లో రోడ్డు అవతలి స్టాన్‌ఫర్డ్‌కే ఫుట్‌బాల్ శిక్షకుడిగా తిరిగొచ్చాడు. 41 పాయింట్ల తేడాతో ఓడిపోతుందని పందేలరాయుళ్లు లెక్కగట్టిన స్టాన్‌ఫర్డ్ జట్టు ఆ ఏడే సదరన్ కాలిఫోర్నియా జట్టును 24–23తో ఓడించింది. 2013లో దేశ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో జిమ్, అతని అన్న జాన్ ఎదురెదురు జట్లకు శిక్షకులు. సూపర్ బౌల్‌లో అన్నదమ్ములు అలా తలపడటం అదే మొదటిసారి. అన్నే గెలిచాడు, 34–31తో.

* ప్రపంచవ్యాప్త రోబో పోటీల్లో వేల జట్లు పాల్గొంటాయి. ఆ జట్లకు ఇచ్చే సంఖ్యల్లో పాలీది 8.

* చుట్టూ అన్ని కంపెనీల కోటీశ్వరులున్నా, పాలీ పిల్లల్లో చాలామంది బడికి వచ్చేది సైకిలు మీదే.

ఈ సిరి ఎక్కడిది?

ఇంత చెప్పాక ఓ నిజం దాచకూడదు. పాలీ మామూలు సర్కారు బడి కాదు, డబ్బున్న ఊరి సర్కారు బడి. కాలిఫోర్నియాలో బడికి ఎంత నిధి రావాలో రాష్ట్రం లెక్కగడుతుంది. ఊళ్లో వసూలయ్యే ఇంటిపన్ను ఆ లెక్కను మించితే, మిగిలింది ఆ ఊరి బడులే ఉంచుకోవచ్చు. పాలో ఆల్టోలో ఇళ్ల ధరలు ఆకాశంలో ఉంటాయి కాబట్టి బడికి నిధుల కొరత లేదు. అక్కడి మన తెలుగు కుటుంబాలు ఇల్లు వెతికేటప్పుడు ముందు బడిని చూసేది ఇందుకే.

హైవే అవతలి ఈస్ట్ పాలో ఆల్టోది వేరే కథ. అక్కడి రేవెన్స్‌వుడ్ హైస్కూలు 1976లో మూతపడింది. ఆ ఏడే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. పదేళ్ల పోరాటం తర్వాత 1986లో కుదిరిన టిన్స్‌లీ ఒప్పందంతో ఏటా కొద్దిమంది పిల్లలు చిన్న తరగతుల్లోనే పాలో ఆల్టో బడుల్లో చేరే వీలు కలిగింది. 1992లో జనాభా లెక్కన అమెరికాలో అత్యధిక హత్యలు జరిగిన ఊరు ఈస్ట్ పాలో ఆల్టో. దేశంలోకెల్లా మంచి బళ్లలో ఒకటి అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే ఉంది.

గంట వెనక్కి జరిగింది

సిరి ఉన్నచోట పోటీ ఒత్తిడి కూడా ఉంటుంది. 2009–10లో, మళ్లీ 2014–15లో పాలో ఆల్టో హైస్కూళ్ల పిల్లలు కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. ఊరు కుంగిపోయింది. 2016లో కేంద్ర ఆరోగ్య సంస్థ సీడీసీ నిపుణులు వచ్చి కారణాలు అధ్యయనం చేశారు. ఊరివాళ్లు కూడా ఊరుకోలేదు. బళ్లలో మానసిక ఆరోగ్య సలహాదారుల్ని పెంచారు. తెల్లవారకముందే మొదలయ్యే అదనపు పీరియడ్లను తగ్గించారు. నిద్ర చాలని పిల్లలకు దిగులు ఎక్కువవుతుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు. 2019లో కాలిఫోర్నియాలో ఓ చట్టం వచ్చింది. 2022 జులై నుంచి హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదు. అలాంటి చట్టం చేసిన తొలి అమెరికా రాష్ట్రం అదే.

హైదరాబాదులో, విజయవాడలో తెల్లవారుజామున స్టడీ అవర్‌లో కూర్చునే ఇంటర్ పిల్లల్ని తలుచుకుంటే, ఈ బడి రికార్డుల్లో మనకు అన్నిటికంటే ముందు కావలసినది ఈ గంటేననిపిస్తుంది.

మిగతావాటికి డబ్బు కావాలేమో కానీ, పిల్లల మీద నమ్మకం పెట్టడానికి డబ్బు అక్కర్లేదు. డానీకి హాలు వాడుకునే అనుమతి దొరికింది, మంక్‌ని తనే తెచ్చుకున్నాడు. ఎస్తర్ కంప్యూటరు తనకు రాదని ఒప్పుకుంది, పిల్లలు పత్రికలు నడిపారు. ఏడో తరగతి నివేదికను పెద్దలు తీసిపారెయ్యలేదు, బడి పేరే మారింది. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో గోడ పత్రిక ఉంది, వార్షికోత్సవం ఉంది, ఆటల జట్టు ఉంది. వాటిలో ఏ ఒక్కదాన్నైనా ఈ ఏడాది పూర్తిగా పిల్లల చేతికి అప్పగించి చూడండి. ఏం రాయాలో, ఎవర్ని పిలవాలో, ఎవర్ని ఆడించాలో వాళ్లే తేల్చుకోనివ్వండి.